కట్ అన్నాక పదకొండు సెకన్లు

"కోసేటప్పటికి మనిషి బతికే ఉన్నాడు," అన్నాడు డాక్టర్. "కోశాక కూడా బతికుండాలనే కోశారు."

ఇన్‌స్పెక్టర్ హిరూమా నోబుకో చేతిలోని టీ కప్పు కింద పెట్టింది. గోడ గడియారంలో పది కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

"అదెలా చెప్తారు?"

"చేతిలో రక్తం దాదాపు లేదు. పైన బిగించి కట్టి, నెత్తురు ఆగాకే రంపం పెట్టారు. చర్మానికి ముందే అయోడిన్ పూశారు. చంపేవాడికి ఇంత ఓపిక దేనికండీ?"

"ఎన్నింటికి కోసుంటారు?"

"నిన్న పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య."

"ఇంకెంతసేపు ఉంటాడు?"

డాక్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దగ్గరుండి చూసుకునేవాళ్ళుంటే ఈ సాయంత్రం దాకా. ఆ తర్వాత సంగతి నన్నడక్కండి."

ఆ చెయ్యి హాగా రియోసుకేది. భయపెట్టే సినిమాల్లో పేరున్న హీరో. సోమవారం నుంచి కనిపించడం లేదు. నటులు తాగి నాలుగు రోజులు మాయం కావడం ఆ స్టూడియోలో వింత కాదు కాబట్టి, అతను అక్కర్లేని సీన్లు తీసుకుంటూ కూర్చున్నారు. సినిమా కథ కూడా అలాంటిదే. ప్రేమించినవాణ్ణి వదులుకోలేని ఆడది అతణ్ణి ముక్కలుగా దాచుకుంటుంది. నిన్నటి సీనులో హీరోయిన్ ఒక గుడ్డ మూట విప్పి, నల్లటి లక్క పెట్టె మూత తీయాలి. లోపల అన్నంలో పెళ్ళి ఉంగరంతో ఉన్న ఎడమ చెయ్యి. రబ్బరుది.

మధ్యాహ్నం ఒకటీ నలభైకి కెమెరా తిరిగింది. హీరోయిన్ కిరితానీ సాయోకో మూత తీసింది. అన్నంలోంచి నాలుగు వేళ్ళ కొనలు బయటికి కనిపించాయి. ఆమె పెట్టిన కేక డైరెక్టరుకి ఎంత నచ్చిందంటే, చాలాసేపటిదాకా ఆయన కట్ అనలేదు.

పోలీసులు ఒక్క సంగతి మాత్రం బయటికి పొక్కనివ్వలేదు. అన్నం తవ్వి తీస్తే వచ్చింది ఎడమ చెయ్యి కాదు, కుడి చెయ్యి. ఆ విషయం డాక్టరుకీ, నోబుకోకీ, హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ షిగెతాకీ తప్ప ఎవరికీ తెలియదు. పేపర్లవాళ్ళు స్క్రిప్టు చూసుకుని ఎడమ చెయ్యి అని రాసేశారు. పోలీసులు సరిదిద్దలేదు.

*

నోబుకో విచారణ గది తలుపు తీసేసరికి షిగెతా ముసలాయన జుట్టు పట్టుకుని తలను టేబుల్‌కేసి కొడుతున్నాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారికి టేబుల్ మీద పన్నొకటి ఊడి పడింది.

"చేతులు కోయడం వచ్చుగానీ నోరు తెరవడం రాదేరా నీకు?"

ముసలాయన పేరు ఒగునీ. ముప్ఫై అయిదేళ్ళుగా సినిమాలకి తెగిన తలలు, చేతులు చేసిపెట్టే మనిషి. సామాన్ల గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది. పోయిన వారం హాగా అందరిముందూ ఆయన మొహాన సిగరెట్ విసిరాడు. షిగెతాకి అంతకన్నా ఇంకేం కావాలి.

నోబుకో తడి తువ్వాలు తెచ్చి ఒగునీ చేతికిచ్చింది. ఆయన దాన్ని నోటికి అద్దుకుని, ఎర్రగా అయిన తువ్వాలు చూసి కళ్ళు మూసుకున్నాడు.

"నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయమ్మా. అందుకే రంగునీళ్ళ పనిలో చేరాను."

"చూశారా, జోకులేస్తున్నాడు," అన్నాడు షిగెతా.

"ఒగునీ గారూ, పెట్టె సెట్టు మీద ఎన్నింటికి పెట్టారు?"

"పన్నెండూ ముప్ఫై అయిదుకి. అప్పుడు లోపల నేను చేసిన రబ్బరు చెయ్యే ఉంది. నాలుగు రోజులు కూర్చుని చేశానమ్మా దాన్ని. గోళ్ళు ఒక్కోటే అతికించాను."

"తర్వాత?"

"అందరం భోజనాలకి క్యాంటీనుకి పోయాం. పెట్టె వంకరగా ఉందని పిలిస్తే మధ్యలో ఒక్కసారి వచ్చి సర్దిపోయా."

"ఎవరు పిలిచారు?"

"మినోబే గారు."

షిగెతా నవ్వాడు. "ఆవిడ పిలవలేదంటోంది. పన్నెండూ యాభై ఎనిమిదికి వీడొక్కడే దొంగలా వచ్చి మూట ముట్టుకున్నాడని రాసిచ్చింది. మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని తిరిగే మనిషిని నమ్మాలా, రబ్బరు పీనుగులతో కాపురం చేసే వీణ్ణి నమ్మాలా?"

మినోబే షిజు ఆ సినిమాకి కంటిన్యుటీ చూస్తుంది. ఎవరు ఏ చేత్తో కప్పెత్తారు, దీపం ఎటుంది, షాటు ఎన్ని సెకన్లు వచ్చింది, అన్నీ రాసుకుంటుంది. ఇవాళ్టి షాటు రేపటి షాటుతో కలవకపోతే అడిగేది ఆమెనే. నిన్న ఆమె ఇచ్చిన వాంగ్మూలం నాలుగు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు.

"పెట్టెలో ఉన్నది మీరు చూశారా?" అని అడిగింది నోబుకో.

"చూశానమ్మా. వేళ్ళ కొనలు చూడగానే నాది కాదని తెలిసిపోయింది. నా గోళ్ళు అంత పాడుగా ఉండవు."

"ఏ చెయ్యి అది?"

"ఎడమదేగా." ఒగునీ తువ్వాలు మీంచి ఆమెని అయోమయంగా చూశాడు. "ఉంగరం సీను కదమ్మా."

షిగెతా చేతిలో పెన్ను ఆగిపోయింది.

*

"విన్నారుగా," అంది నోబుకో వరండాలోకి రాగానే. "కోసినవాడికి ఏ చెయ్యి కోశాడో తెలియదా?"

"నటించాడు."

"పన్ను ఊడగొట్టించుకుని కూడా అంత బాగా నటించగలిగితే, ఆయనకి హీరో వేషమే ఇచ్చేవాళ్ళు."

"హిరూమా గారూ, మిసో చారులో ఉప్పు చూసినట్టు కేసులు చూడకండి. రెండింటికల్లా సంతకం పెట్టిస్తా. పెట్టాక హాగాని ఎక్కడ దాచాడో వాడే చెప్తాడు."

"ఆయనకి తెలిస్తే కదా చెప్పడానికి! మీరు రెండింటిదాకా ఈ ముసలాయన్ని తన్నుతూ కూర్చుంటే అక్కడ మనిషి పోతాడు."

షిగెతా ఆమె దగ్గరగా వచ్చాడు. అతని చొక్కా చేతి మీద ఒగునీ నెత్తురు ఆరిపోయి ఉంది. "ఇది హెడ్‌క్వార్టర్స్ కేసు. నా మాట లేకుండా ఈ గుమ్మం దాటితే రేపట్నుంచి మీరు తప్పిపోయిన సైకిళ్ళు వెతుక్కోవాలి."

"సైకిళ్ళయితే కనీసం దొరుకుతాయి."

బెంచీ మీద కూర్చున్న సాయోకో వాళ్ళిద్దరినీ చూస్తూ లేచి నిలబడింది. నిన్న సెట్టు మీద పూసుకున్న రంగు ఇంకా ఆమె చెవుల వెనక ఉంది. పొద్దుటి నుంచి వాంగ్మూలం కోసం ఆమెని కూర్చోబెట్టారు.

"మీరు వెళ్ళచ్చమ్మా," అన్నాడు షిగెతా. "దొంగ దొరికాడు."

"మళ్ళీ ఏదైనా అడగాలంటే ఎక్కడుంటారు?" అంది నోబుకో.

"మినోబే గారింట్లో. రెండింటికి భోజనానికి రమ్మన్నారు." సాయోకో కళ్ళు నిండాయి. "నిన్నట్నుంచి నేనేదో చేసినట్టే చూస్తున్నారండీ అందరూ. నా మొహం చూసి మాట్లాడింది ఆవిడొక్కరే."

ఆమె వెళ్ళిపోయింది. నోబుకో తన టేబుల్ దగ్గర కూర్చుని మినోబే రాసిన కంటిన్యుటీ పుస్తకం, పక్కనే కెమెరావాళ్ళ ఫిల్ము లెక్క తెరిచింది. పదీ నలభై.

ముప్ఫై ఒకటో సీను. హాగా సాయోకో చెంప నిమరాలి. 'కుడి చెయ్యి. చూపుడు వేలు చెవి కింద మొదలై గడ్డం దగ్గర ఆగుతుంది.' పదిహేడు టేకులు. ప్రతి టేకు పక్కన నల్ల సిరాతో షాటు నిడివి, నలభై ఎనిమిది సెకన్లు, నలభై ఏడు, నలభై ఎనిమిది. దాని పక్కన ఎర్ర సిరాతో ఇంకో అంకె. మొదటి టేకుకి మూడు. తర్వాత నాలుగు. ఆరు. తొమ్మిది. పదిహేడో టేకుకి పదకొండు.

నోబుకో పేజీలు తిప్పింది. సాయోకో తల్లితో ఉన్న సీనుకి ఎర్ర అంకె లేదు. హాగా ఒక్కడే నడిచే సీనుకి లేదు. వాళ్ళిద్దరూ దూరంగా కూర్చుని టీ తాగే సీనుకి కూడా లేదు. హాగా చెయ్యి సాయోకోని తాకిన ప్రతిచోటా ఉంది.

ఫిల్ము లెక్కలో పదిహేడో టేకుకి సరిగ్గా నలభై ఎనిమిది సెకన్ల ఫిల్మే ఖర్చయింది. డైరెక్టరు కట్ అన్నాడు, కెమెరా ఆగింది. ఆ తర్వాత పదకొండు సెకన్లు ఈ మనిషి దేన్ని లెక్కపెట్టింది?

నోబుకో పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మం దాటింది.

*

సెట్టు మీద పన్నెండింటికి మనిషన్నవాడు లేడు. కాపలా ముసలాయన తాళం తీసి, చెప్పులు విడిచి, తను మాత్రం చాప అంచు దాటకుండా నిలబడ్డాడు.

"లోపలికి రానండీ. అలవాటు. ఏదైనా ముట్టుకుంటే మినోబే గారు చంపేస్తారు." అన్నాక నాలుక కరుచుకున్నాడు.

సెట్టు చిన్న గది. చాపలు, పొట్టి బల్ల, ఒక మెత్త, మూలన పెద్ద మట్టి కుంపటి. నిన్న మినోబే తీసిన రెండు పోలరాయిడ్ ఫొటోలు నోబుకో చేతిలో ఉన్నాయి. భోజనాలకి ముందు పన్నెండూ ముప్ఫై ఏడుకి తీసినదొకటి, తిరిగొచ్చే ముందు ఒకటీ ఇరవై ఎనిమిదికి తీసినదొకటి. మూట ముడి, మెత్త మీద మడత, టీ కప్పు పిడి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ముడి చెవులు కూడా అదే పొడుగు.

నోబుకో ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కో వస్తువే చూసుకుంటూ వచ్చింది. కుంపటి దగ్గర ఆగింది. బూడిద మీద దువ్వెనతో గీసినట్టున్న గీతలు రెండింట్లోనూ ఒకటే. కానీ మొదటి ఫొటోలో బూడిద అంచుకి వేలెడు కింద ఉంది. రెండోదాంట్లో అంచుని తాకుతోంది.

"కుంపట్లో నిప్పు వేస్తారా?"

"ఇక్కడా? లైట్లకి పొగ అడ్డమని వెయ్యరండీ. ఊరికే అలంకారం."

నిప్పు లేని కుంపట్లో బూడిద పెరిగింది.

నోబుకో పటకారు దించి లోపలికంటా తవ్వింది. మెత్తగా ఏదో తగిలింది. లాగితే అయిదు వేళ్ళు బయటికొచ్చాయి. కాపలా ముసలాయన చాప మీద కూలబడ్డాడు.

"లేవండి. రబ్బరుది."

ఒగునీ చేసిన ఎడమ చెయ్యి. గోళ్ళు నిజంగానే చాలా శుభ్రంగా ఉన్నాయి. ఉంగరం వేలు మీద నొక్కు మాత్రం ఉంది, ఉంగరం లేదు.

ఆమె గడియారం చూసుకుని బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మూట విప్పడం, అన్నం మార్చడం, ముడి వేయడం, కుంపటి తవ్వి పూడ్చడం, బూడిద మీద ఫొటో చూసుకుంటూ గీతలు గీయడం, అన్నీ చేతులతో అభినయించింది. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఒగునీ నిన్న వచ్చి పోయింది రెండే నిమిషాలని క్యాంటీనంతా చెప్పింది.

"భోజనాలప్పుడు సెట్టు మీద ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరండీ."

"మినోబే గారు?"

"ఆవిడుంటారు. ఓ మూల కుర్చీ వేసుకుని అన్నం ముద్ద తింటూ." ముసలాయన బుర్ర గోక్కున్నాడు. "ఆవిణ్ణి లెక్కలోకి ఎలా తీసుకుంటామండీ, ఎప్పుడూ ఉండే మనిషిని?"

నోబుకో కాపలా గది నుంచి స్టేషన్‌కి ఫోన్ చేసింది. షిగెతా విచారణలో ఉన్నాడనీ, రెండింటిదాకా పిలిస్తే ఊరుకోనన్నాడనీ చెప్పారు. ఇంకోసారి చేసింది. అదే జవాబు.

"తాతా, నేను మినోబే ఇంటికి వెళ్తున్నాను. బూడిదలో రబ్బరు చెయ్యి దొరికిందని చెప్పు. అతను ఫోన్ ఎత్తేదాకా చేస్తూనే ఉండు. ఎత్తకపోతే తిట్టు."

*

రైలు గేటు పక్కన, సోయాగింజల పాలతో జున్నులాంటి టోఫు చేసి అమ్మిన పాత దుకాణం అది. మినోబే తండ్రి పోయాక ఎనిమిదేళ్ళుగా ముందు షట్టరు దించే ఉంది. పక్క సందులోని తలుపు నోబుకో తట్టేసరికి ఒకటీ నలభై.

తెల్లటి ఏప్రన్ కట్టుకుని మినోబే తలుపు తీసింది. నలభై దాటిన సన్నటి మనిషి. జుట్టు నున్నగా వెనక్కి బిగించుకుంది. మెడలో నల్లతాడుకి స్టాప్‌వాచ్ వేలాడుతోంది.

"ఒక్క టైము సరిచూసుకుందామని వచ్చాను. భోజనం వేళకి వచ్చి ఇబ్బంది పెడుతున్నాను."

"అయ్యో, రండి. సాయోకో రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది."

గదిలో పొట్టి బల్ల మీద రెండు పళ్ళేలు వడ్డించి ఉన్నాయి. ఒక్కోదాంట్లో అన్నం, మూత పెట్టిన చారు గిన్నె, వేయించిన చేప, ముల్లంగి ఊరగాయ. నోబుకో మోకాళ్ళ మీద కూర్చుంది.

"రెండోది మీకా?"

"హాగా గారికి." మినోబే తల దించుకుంది. "దూరం వెళ్ళిన మనిషి క్షేమంగా ఉండాలని వడ్డించి పెడతాం కదండీ. ఆయనకి అమ్మా నాన్నా లేరు. ఎవరు పెడతారు?"

నోబుకోకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. చేపల పడవ మీద వెళ్ళిన తండ్రి తిరిగిరాకపోతే, అమ్మ రెండున్నరేళ్ళు రోజూ ఇలాగే పెట్టింది. చారు గిన్నె మూత లోపల చెమట పడితే మనిషి బతికున్నట్టు. రోజూ మూత తీసి చూసే పని నోబుకోది.

"మూత తియ్యచ్చా?"

"తియ్యండి."

మూత వెనక్కి తిప్పితే నీటి చుక్కలు వరసగా జారాయి.

"బతికే ఉన్నారు," అంది మినోబే. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది.

నోబుకో మూత పెట్టబోతూ పళ్ళెం వైపు చూసింది. సాయోకోకి పెట్టిన చేప తలతో సహా నిండుగా ఉంది. హాగా పళ్ళెంలో చేపకి ముళ్ళన్నీ తీసి, ఒక్క ముద్దకి ఒకటి చొప్పున ముక్కలు చేసి ఉంది. ముల్లంగి కూడా సన్నగా తరిగి ఉంది. రాని మనిషి కోసం పెట్టే అన్నానికి ముళ్ళెవరు తీస్తారు?

పళ్ళెం ముందు తినే పుల్లలు ఉన్నాయి. సాయోకోవి అందరికీ పెట్టినట్టే, కుడి చేత్తో తీసుకునేలా మొనలు ఎడమవైపు తిరిగి ఉన్నాయి. హాగావి కుడివైపు తిరిగి ఉన్నాయి.

హాగా కుడిచేతి వాటం మనిషి. ఆ సంగతి మినోబే తన పుస్తకంలో వందసార్లు రాసింది. పోయింది ఎడమ చెయ్యని ఊరంతా అనుకుంటోంది. అతనికిక ఎడమ చేత్తోనే తినక తప్పదని డాక్టరుకి తెలుసు, తనకి తెలుసు, షిగెతాకి తెలుసు.

టిక్ మని చిన్న చప్పుడైంది.

"నాలుగు సెకన్లు," అంది మినోబే స్టాప్‌వాచ్ చూసుకుంటూ. "పుల్లలకేసి నాలుగు సెకన్లు చూశారు మీరు."

నోబుకో లేవబోయింది. ఎడమ అరచెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది. ఏప్రన్ కిందినుంచి వచ్చిన చేపల కత్తి ఆ చేతిలోంచి దూసుకెళ్ళి బల్లలోకి దిగబడింది. ముందు నొప్పి తెలియలేదు. కత్తి పిడి ఊగుతూ కనిపించింది. తర్వాత భుజం దాకా మంట ఎక్కింది. నోబుకో అరిచింది.

"కదలకండి. కదిలితే నరం తెగుతుంది." మినోబే తెల్ల గుడ్డ మడతపెట్టి, బల్ల మీద పారుతున్న నెత్తురు పళ్ళేలకి తగలకుండా అద్దింది. "ఇరవై రెండేళ్ళలో నా మొదటి తప్పండీ ఇది. కానీ ఎలా పెట్టమంటారు? అటు పెడితే ఆయన తీసుకోలేరు కదా."

"ఎక్కడ... ఎక్కడున్నాడతను?"

"మీరే లెక్కపెట్టి చూడండి. డైరెక్టరు కట్ అనేదాకా అది పాత్ర చెయ్యి. నాకేం బాధ లేదు. నేనే రాస్తాను, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో. కట్ అన్నాక? మొదటిసారి మూడు సెకన్లు ఆ పిల్ల చెంప మీదే ఉంచారు. మర్చిపోయారేమోలే అనుకున్నా. తర్వాత నాలుగు. ఆరు. పోయిన శనివారం పదకొండు." ఆమె గొంతు పెరగలేదు. "ఇన్నేళ్ళూ ఆయన కప్పు ఎటుందో, కాలరు ఎటు తిరిగుందో చూసింది నేను. నావైపు ఒక్క సెకను చూసుంటే అది కూడా రాసుకునేదాన్ని."

"మరి... ఎడమ చెయ్యి ఎందుకు వదిలావు?"

మినోబే ఆశ్చర్యపోయింది. "ఉంగరం ఆ చేతికి కదండీ పెట్టేది!"

నోబుకో కుడిచేత్తో చారు గిన్నె ఎత్తి ఆమె మొహాన కొట్టింది. కాగిన చారు కళ్ళలో పడి మినోబే వెనక్కి పడింది. నోబుకో పిడి పట్టుకుని లాగింది. కత్తి రాలేదు. పళ్ళు బిగించి మళ్ళీ లాగింది. ఎముకని గీరుకుంటూ ఊడి వచ్చింది. బయటి తలుపుకి అడ్డంగా మినోబే లేచి నిలబడుతోంది. నోబుకో వెనకవైపు తలుపు తోసుకుని లోపలికి పడింది.

వెంటనే అవతల అడ్డగడియ పడింది.

*

టోఫు చేసే గది అది. రాతి తొట్లు ఎండిపోయి ఉన్నాయి. వాటిలో పెద్దదానిలో పరుపు వేసి, మీద శుభ్రమైన దుప్పటి కప్పి ఉంది. దుప్పటి కదిలింది.

హాగా మొహం తెల్లకాగితంలా ఉంది. కుడి మోచెయ్యి దాకా కట్టు కట్టి ఉంది. ఎడమ చేతికి సినిమా ఉంగరం ఉంది, బిగుతుగా. వేలు నీలంగా ఉబ్బింది.

"కట్ అన్నారా?" అని గుసగుసగా అడిగాడు.

"నేను పోలీసుని. లేవగలరా?"

"ఆవిడ కట్ అనేదాకా కదలకూడదు. కదిలితే మళ్ళీ మొదటినుంచి చేయిస్తుంది."

నోబుకో నోటితో, కుడిచేత్తో తన మెడ గుడ్డని అరచేతికి బిగించి కట్టుకుంది. అంతలో సందువైపు తలుపు చప్పుడైంది.

"మినోబే గారూ, ముందే వచ్చేశానా?" సాయోకో గొంతు. "అయ్యో, మీ మొహానికేమైంది?"

"చారు ఒలికిందమ్మా. రా, కూర్చో."

"సాయోకో! బయటికి పరిగెత్తు!" నోబుకో తలుపు మీద గుద్దుతూ అరిచింది. అదే క్షణాన రైలు గేటు గంట గణగణమని మోగింది. ఇల్లంతా అదిరేలా బండి పోతోంది. తన కేక తనకే వినపడలేదు.

హాగా ఆమె కోటు అంచు పట్టుకున్నాడు. రైలు చప్పుడు తగ్గేకొద్దీ అతని మాటలు తెలిశాయి. "...నా మీద అభ్యాసం చేసింది. చెంప మీద చెయ్యి వేసి నిమురుతుంది. గడియారం నొక్కుతుంది. పదకొండు దాకా ఏమీ చెయ్యదు. పదకొండు దగ్గర రంపం పెడుతుంది."

"కత్తి నా దగ్గరుంది."

"రంపం వంటింట్లో ఉంటుంది. ఇంక అరవకండి, ఆ పిల్లకి తెలిసిపోయిందంటే పదకొండుదాకా ఆగదు."

నోబుకో గది చుట్టూ చూసింది. టోఫు మీద బరువు పెట్టే రాళ్ళు గోడవారన ఉన్నాయి. తలుపు కింది పలక ఏళ్ళ తరబడి నీళ్ళకి నాని, మెత్తబడి, నల్లగా ఉంది. ఆమె రాయిని ఒక్క చేత్తో, గుండెకి ఆనించి ఎత్తింది.

రైలు పోయింది. గంట ఆగింది. ఆ నిశ్శబ్దంలో అవతల స్పష్టంగా వినిపించింది.

టిక్.

"ఒకటి," అన్నాడు హాగా, కళ్ళు మూసుకుని.

నోబుకో రాయితో కొట్టింది. పలక అవతలికి వంగింది.

"రెండు."

"మినోబే గారూ, ఏంటా చప్పుడు?" అంది సాయోకో.

"ఏం లేదమ్మా. ఇటు చూడు. మొహం కొంచెం ఎడమకి తిప్పు. అంతే. బాగుంది."

"మూడు."

మళ్ళీ కొట్టింది. కట్టు తడిసి నెత్తురు మోచేతిదాకా కారింది. పలక పగిలి, చారడంత సందు పడింది.

"నాలుగు. అయిదు."

సందులోంచి నోబుకోకి గదిలో దీపం కింద ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. నెత్తురు మరకలు కనపడకుండా తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు సాయోకో ఒద్దికగా కూర్చుని ఉంది. మినోబే ఆమె ముందు మోకాళ్ళ మీద ఉంది. కాలిన మొహం మీద బొబ్బలు లేస్తున్నా నవ్వుతోంది. కుడి చెయ్యి సాయోకో చెంప మీద ఉంది. చూపుడు వేలు చెవి కింద మొదలై గడ్డం వైపు మెల్లగా దిగుతోంది. వీపు వెనక దాచిన ఎడమ చేతిలో సన్నపళ్ళ రంపం ఉంది.

నోబుకో మూడోసారి రాయి ఎత్తింది.

"ఆరు," అన్నాడు హాగా.